పదిహేడో పని

9, బుధవారం

ఇది రాయకూడదనే అనుకున్నాను. పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి, డైరీ మూసేసి కుర్చీలోంచి లేచాను కూడా. లేచిన మనిషి ఎక్కడికో ఒక చోటికి వెళ్లాలి కదా. వంటింట్లో మా ఆవిడ ఉంది. ఇవాళ ఆవిడ కంటపడే ధైర్యం లేదు. అందుకని మళ్లీ కూర్చున్నాను.

పనుల పుస్తకం మొన్ననే ఇంటింటికీ చేరింది. ఈ ఏడు నియోజకవర్గంలో ఏమేం చేశానో అందులో ఉంటుంది. ఇరవై నాలుగు పనులు, ఒక్కో పనికి రెండేసి వాక్యాలు. వెనక అట్ట మీద నా ఫొటో. అందులో నాకన్నా నా చొక్కా బాగా పడింది.

పొద్దున్న ఆవిడ మార్కెట్ నుంచి వచ్చి, సంచీ బల్ల మీద పెట్టి, కళ్లజోడు తగిలించుకుని ఆ పుస్తకం తిరగేసింది. నాలుగేళ్లుగా అట్ట కూడా తిప్పని మనిషి. ఇవాళే ఎందుకు బుద్ధి పుట్టిందో.

"ఏమండీ, ఈ పదిహేడోది ఏంటి?"

"చదువు, తెలుస్తుంది."

"'పెద్ద మార్కెట్లో ఆడవాళ్ల మరుగుదొడ్లు ప్రారంభమయ్యాయి. రోజూ వందలాది మంది వాడుకుంటున్నారు.' ఎవరు వాడుకుంటున్నారు?"

"జనం. రిబ్బను నేనే కోశాను కదా, పేపర్లో కూడా పడింది."

"కోశారు. మీరు కోసి కారెక్కగానే తాళం వేశారు. ఇవాళ పొద్దున్న కూడా ఉంది తాళం."

"ఎనిమిది నెలలైంది! నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీకు తెలీదని నాకెలా తెలుస్తుంది? శాసనసభ్యులు మీరా, నేనా?"

ఆ వాక్యాలు ఎవరి మీదికీ నెట్టలేను. ఆఫీసు చూసుకునే మా మేనకోడలు కూర్చుని రాసుకుంటుంటే, గదిలో పచార్లు చేస్తూ చెప్పింది నేనే. 'వందలాది' అనే మాట దగ్గర ఆ పిల్ల పెన్ను ఆపి, "ఎన్ని వందలు మామయ్యా?" అని అడిగింది. "రాయవే, మాటకి అందం" అన్నాను.

నేను ఎనభై నాలుగు రిబ్బన్లు కోశాను. రిబ్బను కోస్తే తలుపు తెరిచినట్టే అనుకునే జబ్బు మెల్లగా పట్టింది. కత్తెర పళ్లెంలో పెట్టగానే ఆ పని నా మనసులో అయిపోతుంది. తర్వాత లోపలికి వెళ్లి చూడడం అలవాటు తప్పింది. పైగా అది ఆడవాళ్లది. నేను వెళ్లి చూసేదేముంది?

ఇందులో ఇబ్బంది అంతా హాజరు దగ్గర ఉంది. నాకు తెలిసిన సంగతి నాకే మళ్లీ చెప్పుకోవడం ముప్పై ఒక్క ఏళ్ల కండక్టరు ఉద్యోగం అంటించిన రోగం. రోజూ అదే రూటు, అవే స్టాపులు, అయినా అరిచి చెప్పాల్సిందే. కాబట్టి చెప్పుకుంటాను. గెలిచిన మొదటి ఏడు టౌను హాల్లో పనుల పుస్తకం చదువుతూ, జనం ఆవలిస్తుంటే నాకు పౌరుషం వచ్చింది. "ఒక్కో పనీ చదువుతాను. ఆ వీధి వాళ్లు లేచి ఉంటే ఉంది, లేకపోతే లేదు అనండి. బడిలో పిల్లలకు హాజరు పిలుస్తారే, అలాగ. ఒక్క 'లేదు' వినబడినా మళ్లీ ఓటడగడానికి మీ గుమ్మం తొక్కను" అన్నాను. చప్పట్లు హోరెత్తాయి. ఆ చప్పట్లు ఇప్పటికీ నా వెంటపడుతున్నాయి. నాలుగేళ్లు నాలుగు హాజర్లు గడిచాయి, ఒక్క 'లేదు' రాలేదు. 'ఉంది కానీ వంకరగా ఉంది' అన్నది వచ్చింది. అది ఉన్నట్టే.

ఐదోది ఈ నెల ఇరవయ్యో తేదీ, ఆదివారం. తర్వాత ఎన్నికలే.

మళ్లీ నిలబడాలని నాకేం లేదు. డెబ్బై ఒకటి నిండాయి. హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు.

ఆ మాటే ఆవిడతో అన్నాను. ఆవిడ వంకాయలు తీసి ఒక్కొక్కటీ తిప్పి చూస్తూ, "కూర్చోండి. ఇరవయ్యో తేదీన పదిహేడో దానికి ఎవరూ లేవకపోతే నేను లేస్తాను. రోజూ మార్కెట్‌కి వెళ్లేదాన్ని, నాకూ హక్కుంది" అంది.

హాల్లో నాకున్న అత్యంత ప్రమాదకరమైన ఓటరు నా ఇంట్లోనే అన్నం వడ్డిస్తోంది.

10, గురువారం

డ్రైవరుని రమ్మన్నాను. నేను టిక్కెట్లు కొట్టిన కాలంలో ఇరవై రెండేళ్లు మా బస్సు నడిపిన మనిషి, ఇప్పుడు నా కారు నడుపుతున్నాడు. ఎవరితో మాట్లాడినా తల తిప్పడు. పెళ్లిచూపుల్లో కూడా ఎదురుగా గోడకేసి చూస్తూ మాట్లాడాడట.

"ఎక్కడికి?"

"పెద్ద మార్కెట్."

"నువ్వక్కడికి పోయి ఎనిమిది నెలలైంది."

"లెక్క పెట్టుకుని కూర్చున్నావా?"

"రిబ్బను రోజు నీ చెప్పు తెగింది. కుట్టించింది నేనేగా."

మార్కెట్ వెనక వైపు, ఉల్లిపాయ బస్తాల మధ్య ఆకుపచ్చ తలుపు. దానికి నా పిడికిలంత తాళం. గొళ్లానికి నేను కోసిన రిబ్బను ముక్క ఇంకా వేలాడుతోంది. ఎర్రది ఎండకి వెలిసి గులాబీ రంగుకి వచ్చింది. గోడ మీద పాలరాతి పలక. దాని మీద నా పేరు. పలక మాత్రం ఎవరో రోజూ తుడుస్తున్నట్టు మెరుస్తోంది.

ఎదురుగా గోనెపట్టా మీద నిమ్మకాయలక్క. ఆ మార్కెట్లో ఆవిడ మాటకి ఎదురు లేదు. తూకం రాళ్లు కూడా ఆవిడ చూస్తే సరిగ్గా తూగుతాయి.

"ఏం కండక్టరయ్యా, దారి తప్పావా?"

"తాళం చూద్దామని వచ్చానక్కా."

"చూడు, తనివితీరా చూడు. మేం రోజూ చూసి చూసి మాకు మొహం మొత్తింది."

"మరి మీరంతా ఎక్కడికి..." అని మొదలుపెట్టి సగంలో మింగేశాను.

"ఎక్కడికీ పోం. తెల్లారగట్ల నాలుగింటికి ఇంట్లో పనులు కానిచ్చుకుని వస్తాం. మళ్లీ ఇంటికి పోయాకే. మధ్యలో నీళ్లు తాగం. అంతే. దానికి అంత మొహం పెడతావేం? పక్కకి జరుగు, బేరం ఆగిపోతోంది."

పక్కకి జరిగాను.

ఓట్లకి తిరిగిన రోజుల్లో మిట్టమధ్యాహ్నం ఈవిడకి గ్లాసుడు నిమ్మకాయ సోడా ఇప్పించబోయాను. వద్దంది. ఎంత బతిమాలినా ముట్టలేదు. నిమ్మకాయలమ్మే మనిషికి నిమ్మకాయంటే పడదు అని ఆ కథ ఐదేళ్లుగా సభల్లో చెప్పి నవ్విస్తున్నాను. కథ చెప్పేటప్పుడు ఆవిడ మూతి తిప్పడం కూడా చేసి చూపిస్తాను.

ముప్పై ఒక్క ఏళ్లు బస్సులో ఆడవాళ్లని చూశాను. ఎవరు ఏ స్టాపులో దిగుతారో, ఎవరు సీటు కోసం పోట్లాడతారో, ఎవరి దగ్గర ఎప్పుడూ చిల్లర ఉండదో చెప్పగలను. దాహంగా ఉన్నారని మాత్రం తెలీలేదు.

ఆ కథ ఇవాళ్టితో మానేశాను.

11, శుక్రవారం

మార్కెట్ సూపరింటెండెంటు నన్ను చూడగానే లేచాడు, కుర్చీ తుడిచాడు, ఫ్యాను నా వైపు తిప్పాడు. ఇంత మర్యాద చేస్తున్నాడంటే పని కానట్టే అని అర్థమైంది.

"తాళం మాదే సార్. కానీ బిల్డింగు మాది కాదు."

"మరెవరిది?"

"ఇంకా ఎవరిదీ కాదు సార్. నీటి కనెక్షను లేని బిల్డింగుని మేం స్వాధీనం చేసుకోకూడదు. రూలు. మీరు రిబ్బను కోసిన రోజు బకెట్లతో మోయించాం."

అక్కడి నుంచి నీటి ఆఫీసుకి వెళ్లాను. ఇంజినీరు చిన్నపిల్ల. ముప్పై కూడా ఉండవు. బల్ల మీద ఫైళ్ల వెనక నుంచి తల మాత్రమే కనిపిస్తుంది.

"సొంతదారు లేని బిల్డింగుకి కనెక్షను ఇవ్వకూడదు సార్. మార్కెట్ వాళ్లు స్వాధీనం చేసుకున్నామని కాగితం ఇస్తే మర్నాడే ఇస్తాను."

"వాళ్లు నువ్వు నీళ్లిస్తే తీసుకుంటామంటున్నారమ్మా."

"తెలుసు సార్. మూడుసార్లు రాశాను. మూడుసార్లూ అదే జవాబు వచ్చింది. అక్షరం కూడా మారలేదు."

మళ్లీ మార్కెట్ ఆఫీసు. సూపరింటెండెంటు టీ తెప్పించి, గొంతు తగ్గించి, "సార్, మీకు కావాల్సింది ఇరవయ్యో తేదీ కదా. ఆ ఒక్కరోజుకి బకెట్లు పెట్టి తెరిపిస్తాను. ఉంది అనే అంటారు. తర్వాత చూసుకుందాం" అన్నాడు.

వెంటనే కాదన్నాను.

12, శనివారం

నిన్న 'వెంటనే' అని రాశాను. ఇది నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం. ఇందులో కూడా పేపరు వాళ్లకి చెప్పినట్టు చెప్పడం ఏమిటో.

వెంటనే కాదు. టీ మొత్తం తాగాను. తాగుతూ, బకెట్లు ఎన్ని కావాలో లెక్క వేశాను. పన్నెండు చాలనుకున్నాను. అడుగున మిగిలిన పంచదార కూడా చెంచాతో తీసుకుని తిన్నాక, అప్పుడు కాదన్నాను. అది కూడా మంచితనం వల్ల కాదు. పదమూడో బకెట్ నిమ్మకాయలక్క నా నెత్తిన పోస్తుందని గుర్తొచ్చింది.

నేను బడికి పోయినవాణ్ని కాదు. బస్సు ముందు బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత పాత పుస్తకాల బండి మీద ఒక నిఘంటువు దొరికింది. 'మ' దగ్గర తెగిపోయి ఉంది. ఆ తర్వాతి పేజీలు ఎవరు చింపారో. రెండేళ్లు పట్టుకుని చదివాను. ఆ రోజుల్లో ఎవరైనా 'మ' లోపు మాట ఏది అడిగినా అర్థం చెప్పేవాణ్ని. రాజీనామా, లంచం, వాగ్దానం, సిగ్గు, ఇలాంటివన్నీ పుస్తకంలో లేవు. ఉద్యోగంలో నేర్చుకున్నాను. ఆఖరిది ఈ వారం నేర్చుకున్నాను.

14, సోమవారం

ఆవిడ రెండు రోజులుగా కళ్లజోడు తుడుచుకుంటోంది. హాల్లో లేచి నిలబడ్డప్పుడు బాగా కనిపించాలట.

15, మంగళవారం

ఇవాళ ఎంత సరదాగా గడిచిందంటే, రాయడానికి పెన్ను నాకన్నా ముందు పరిగెడుతోంది.

మా పాత రూటులో బస్సు తలుపు దగ్గర ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఎదురెదురుగా పడి, 'ముందు నువ్వు జరుగు' అంటే 'ముందు నువ్వు జరుగు' అని బిగుసుకుపోయేవాళ్లు. ఇద్దరిదీ న్యాయమే. ఎవరు తగ్గినా పరువు పోతుంది. నేను మధ్యలో దూరి, ఈల వేసి, ఇద్దర్నీ ఒకేసారి పక్కకి తిప్పేవాణ్ని. ఎవరూ ముందు జరగలేదు కాబట్టి ఎవరికీ కోపం ఉండేది కాదు. స్నానం చేస్తుంటే ఇది తట్టింది. సబ్బు నురగతోనే కేకేశాను, మేనకోడలిని రమ్మనమని. మా ఆవిడ టవలు విసిరింది.

పదింటికి సూపరింటెండెంటుని, "సార్, ఒకసారి బిల్డింగు చూసొద్దాం" అని కారెక్కించాను. నీటి ఆఫీసు దగ్గర ఇంజినీరమ్మాయిని ఎక్కించాను. వెనక సీట్లో ఇద్దరి మధ్యా మేనకోడలు కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ముందు. డ్రైవరు మార్కెట్ చుట్టూ తిప్పడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు. రెండు. మూడో చుట్టులో సూపరింటెండెంటుకి అనుమానం వచ్చింది.

"సార్, గేటు దాటిపోయాం."

"తెలుసండీ."

"ఆపమనండి మరి."

డ్రైవరు ఎదురుగా అద్దంకేసి చూస్తూ, "టిక్కెట్లు అందరూ తీసుకోందే బండి ఆగదు" అన్నాడు.

"టిక్కెట్లేంటయ్యా?"

మేనకోడలు కాగితం చూపించింది. ఒకే కాగితం. ఎడమ పక్క, బిల్డింగుని మార్కెట్ స్వాధీనం చేసుకుంటోందని. కుడి పక్క, అందుకు నీటి కనెక్షను ఇస్తున్నారని. కింద రెండు సంతకాలకి చోటు. తేదీ ఒకటే. సమయం కూడా ఒకటే. మా మేనకోడలు ఈ ఊళ్లో పుట్టాల్సిన పిల్ల కాదు. పెద్ద పెద్ద దేశాల మధ్య ఒప్పందాలు రాయాల్సింది.

"ఎవరూ ముందు పెట్టక్కర్లేదు. నేను ఈల వేస్తాను. ఇద్దరూ ఒకేసారి పెట్టండి" అన్నాను.

"ఇది బలవంతంగా ఎత్తుకుపోవడం సార్."

"కాదండీ, సర్వీసు."

ఐదో చుట్టులో ఆయన ఏవో రూళ్లు చదివాడు. ఆరో చుట్టులో పై అధికారి ఏమంటాడో అన్నాడు. ఏడో చుట్టు వచ్చేసరికి కూరగాయల వాళ్లు మాకు చేతులు ఊపుతున్నారు. డ్రైవరు ఒక చేత్తో బదులు ఊపుతున్నాడు, తల తిప్పకుండా.

ఇంజినీరమ్మాయి అంతసేపూ కిటికీలోంచి చూస్తూ ఉంది. ఉన్నట్టుండి సూపరింటెండెంటు వైపు తిరిగింది. "సార్, నేను వారానికి మూడు రోజులు పైపులైన్లు చూడ్డానికి బయటికి వెళ్తాను. ఆ మూడు రోజులూ పొద్దున్నుంచి నీళ్లు తాగను. నీటి ఇంజినీర్ని సార్. ఎవరికైనా చెప్పుకుంటే నవ్వుతారు."

ఎవరూ నవ్వలేదు. డ్రైవరు తల తిప్పి వెనక్కి చూశాడు. ఇరవై రెండేళ్ల బస్సులోనూ ఐదేళ్ల కారులోనూ కలిపి, బండి కదులుతుండగా అతను తల తిప్పడం నేను చూడడం ఇదే. కారు కొంచెం ఉల్లిపాయల వైపు లాగింది కూడా.

సూపరింటెండెంటు జేబులోంచి పెన్ను తీశాడు. విదిలించాడు. "మా ఇంటావిడ కూడా..." అని మొదలుపెట్టి ఆపేశాడు. "వేయండి సార్ ఈల" అన్నాడు.

వేశాను. కండక్టరు ఉద్యోగం మానేశాక ఇంత గట్టిగా వేయలేదు. మార్కెట్లో సగం మంది బస్సొచ్చిందనుకుని లేచారట.

పదకొండు గంటల పది నిమిషాలు.

17, గురువారం

ప్లంబరు వచ్చాడు. పైపు కొలిచాడు. పైపు కోసం వెళ్లాడు. మధ్యాహ్నం అయ్యింది. పైపు ఏదీ అంటే, కొలత రాసుకున్న కాగితం ఇక్కడే మర్చిపోయానని మళ్లీ కొలవడానికి వచ్చాడు.

18, శుక్రవారం

పైపు వచ్చింది. ప్లంబరు రాలేదు. డ్రైవరు వెళ్లి తీసుకొచ్చాడు. ఎలా తీసుకొచ్చావంటే, "చుట్లు తిప్పుతానన్నా" అన్నాడు.

19, శనివారం

పొద్దున్న ఎనిమిదింటికి నీళ్లొచ్చాయి.

కుళాయి మొదట దగ్గింది, తుమ్మింది, కాస్త తుప్పు కక్కింది, ఆ తర్వాత తెల్లగా పారింది. ఆరు గదుల్లోనూ. ఊడ్చి కడగడానికి రెండు పూటలా మనిషిని వేశాడు సూపరింటెండెంటు. ఆయనే స్వయంగా చీపురు కట్ట ఎలా ఉండాలో చెబుతుంటే నమ్మలేకపోయాను. కానీ తాళంచెవి దగ్గర ఆయనకి మళ్లీ రూలు గుర్తొచ్చింది.

"తాళంచెవి ఆఫీసులో ఉంటుంది. కావాల్సిన వాళ్లు వచ్చి అడిగి తీసుకోవాలి. ఐదింటికి ఆఫీసు కట్టేస్తాం."

నిమ్మకాయలక్క పట్టా మీంచి లేచి వచ్చింది. ఆవిడ లేవడం చూసి పక్కన కరివేపాకు, అల్లం, పచ్చిమిర్చి కూడా లేచి వచ్చాయి. అమ్మేవాళ్లని వాళ్ల సరుకు పేరుతోనే పిలవడం అక్కడ అలవాటు.

"అయ్యా, నువ్వు లోపలికి పోవాలంటే ఎవర్నన్నా అడుగుతావా?"

సూపరింటెండెంటు తాళంచెవి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మేం ఎనిమిదింటి దాకా ఉంటాం. తాళంచెవి మాకొద్దు, నీ దగ్గరా వద్దు. అసలు తాళమే వద్దు."

"తాళం లేకపోతే ఏదన్నా అయితే బాధ్యత ఎవరిది?"

"ఎదురుగా పదహారేళ్లుగా కూర్చున్నాను. నా కళ్లు దాటి ఈగ పోదు. ఇంకేం బాధ్యత కావాలి?"

సూపరింటెండెంటు నాకేసి చూశాడు. నేను గోడ మీది పలకకేసి చూశాను. చివరికి ఆయన తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఆ బరువుకి జేబు ఓ పక్కకి సాగింది.

పది గంటలప్పుడు నిమ్మకాయలక్క టీ బండివాణ్ని కేకేసింది. పెద్ద గ్లాసుతో టీ తెమ్మంది. వాడు బిత్తరపోయి, "నీకా?" అన్నాడు. "ఏం, నాకు పొయ్యవా?" అంది. ఊదుకుంటూ, ఆపి ఆపి, మొత్తం తాగింది. అల్లం కూడా ఒకటి తెప్పించుకుంది. పచ్చిమిర్చి రెండు తాగింది. టీ బండివాడు పాలు అయిపోయాయని పరిగెత్తాడు.

నేను ఉల్లిపాయ బస్తా మీద కూర్చుని చూశాను. నా జీవితంలో చూసిన సభలన్నిటిలోకీ ఇది బాగుంది. ఇందులో నేను మాట్లాడలేదు.

ఇంటికొచ్చి, తాళం తీశారని ఆవిడకి చెప్పాను. "రేపు నేనే వెళ్లి చూస్తాను. మీ మాట మీద లేవను" అంది.

20, ఆదివారం

హాలు నిండింది. ముందు వరసలో లెక్కల మాస్టారు. పనుల పుస్తకం చేతిలో, పక్కన ఎర్ర పెన్సిలు. రిటైరై పన్నెండేళ్లయినా నా పుస్తకంలో తప్పులు దిద్దడం మాత్రం మానలేదు. ఆడవాళ్ల వైపు మూడో వరసలో మా ఆవిడ. మార్కెట్ వాళ్ల బెంచీ ఖాళీ.

ఆదివారం, పది గంటలు, బేరాలు జోరుగా ఉండే వేళ. వాళ్లు రారని నాకెందుకు తట్టలేదో.

మొదలుపెట్టాను.

"ఒకటి. మిల్లు వీధి దీపాలు."

"ఉన్నాయి. ఒకటి పగలు కూడా వెలుగుతోంది."

"నాలుగు. లైబ్రరీలో కొత్త ఫ్యాన్లు."

"ఉన్నాయి. పేపరు ఎగిరిపోతోంది."

"తొమ్మిది. వంతెన పక్క చెత్తకుండీ."

"ఉంది. మా గుమ్మం ముందే ఎందుకు ఉంది?"

పదహారు అయ్యింది. మంచినీళ్లు తాగాను. పదిహేడు చదివాను. 'వందలాది' అన్న మాట గొంతు తగ్గించి చదివాను.

ఎవరూ లేవలేదు.

ఇక దాచి లాభం లేదనిపించింది. "అయ్యా, అమ్మా, ఇది అచ్చేసిన రోజు అబద్ధం. తాళం వేసి ఉంది. రిబ్బను కోసి నేను తిరిగి చూడలేదు. నిన్న పొద్దున్న ఎనిమిది గంటల నుంచి నిజం" అన్నాను.

హాలు ఒక్కసారిగా గుసగుసలాడింది. లెక్కల మాస్టారు లేచారు. "అచ్చయిన రోజు లెక్కా, చదివిన రోజు లెక్కా? మొదట అది తేలాలి."

"అచ్చయిన రోజే. ఇంటింటికీ పంచి పెట్టారు కదా" అన్నాడు మిల్లు వీధి మనిషి.

"చదివిన రోజే. హాజరు పిలిచినప్పుడు బెంచీ మీద ఉంటే చాలు. అంతకు ముందు ఎక్కడ తిరిగితే ఏం?" అంది లైబ్రరీ ఆవిడ.

"మాస్టారూ, మీ బడిలో ఆలస్యంగా వచ్చినవాణ్ని ఏం చేసేవారు?"

"గోడకుర్చీ వేయించేవాణ్ని. హాజరు మాత్రం వేసేవాణ్ని."

అప్పుడు మూడో వరసలో ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. లేచింది. హాలంతా అటు తిరిగింది. మా ఇద్దరి సంగతి ఊరందరికీ తెలుసు. నేను కాగితాలకేసి చూస్తూ నిలబడ్డాను. మళ్లీ నిలబడాలని నాకేం లేదని తొమ్మిదో తేదీన రాశాను. అది కూడా 'వెంటనే' లాంటి మాటే. నాకు ఈ పని కావాలి. హాలు కావాలి, ఈ తిట్లు కావాలి. ఆ క్షణంలో తెలిసింది.

"ఉందో లేదో నేను చెప్పలేను. పొద్దున్న వెళ్లాను. లోపలికి వెళ్లలేకపోయాను" అంది.

"మళ్లీ తాళమా అమ్మా?" అన్నారు మాస్టారు.

"కాదండీ. నా ముందు పద్నాలుగు మంది ఉన్నారు. నాకు హాజరుకి టైమైపోతోంది. వచ్చేశాను."

నవ్వు మొదట ఆడవాళ్ల వైపు మొదలైంది. తర్వాత హాలంతా పాకింది. మాస్టారు ఎర్ర పెన్సిలు పుస్తకం మీద పెట్టి నవ్వుతున్నారు. అంత నవ్వులో వెనక తలుపు తోసుకుని నిమ్మకాయలక్క వచ్చింది. నెత్తి మీద ఖాళీ గంప, వెనకాల అల్లం, పచ్చిమిర్చి.

"అయిపోయిందా మా నంబరు?"

"మీ కోసమే ఆగిందమ్మా. ఉందా, లేదా?" అన్నారు మాస్టారు.

ఆవిడ గంప దించింది. "ఉంది. నీళ్లున్నాయి, వెలుగుంది, శుభ్రంగా ఉంది. రెండో గదికి గడియ పడట్లేదు. లోపల కూర్చుని ఒక చేత్తో తలుపు పట్టుకోవాల్సొస్తోంది. రాసుకో కండక్టరయ్యా."

రాసుకున్నాను. మాస్టారు తీర్పు చెప్పారు. చదివిన రోజే లెక్క. అయితే వచ్చే ఏడు పుస్తకంలో పదిహేడో పని ఎనిమిది నెలలు తాళం వెనక ఉందని అచ్చేయాలి, 'వందలాది' అని ఎక్కడా వాడకూడదు. ఒప్పుకున్నాను. మిగతా ఏడూ చదివేశాను. అన్నీ ఉన్నాయి. పార్కు బెంచీ మాత్రం ఉంది కానీ ఒకరే పడతారట.

కారులో ఆవిడ కళ్లజోడు పెట్టెలో పెట్టేసుకుంది.

"నిజం చెప్పు. లేదు అందామనే లేచావు కదా?"

"అవును."

"మరి?"

"అబద్ధమవుతుంది కదండీ."

కొంచెం దూరం పోయాక, "ఇంట్లో కూర్చోబెడదామని ఎంత ఆశపడ్డానో" అంది. డ్రైవరు అద్దంకేసి చూస్తూ, "ఇంకో ఐదేళ్లు ఓపిక పట్టు చెల్లెమ్మా" అన్నాడు. ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. పళ్లన్నీ కనిపించేలా నవ్వు వస్తోంది, ఆపుకోవడం కష్టమైంది.

21, సోమవారం

పొద్దున్న డ్రైవరూ నేనూ ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్లి ఒక గడియ కొన్నాం. మార్కెట్లో రెండో గది ఖాళీ అయ్యేదాకా బయట నిలబడ్డాం. నిమ్మకాయలక్క పది నిమిషాలు టైమిచ్చింది. డ్రైవరు తలుపు పట్టుకున్నాడు, నేను బిగించాను. నాలుగు స్క్రూలు పట్టాయి. ఒకటి కింద పడి దొరకలేదు, ఇంకొకటి వేశాం.